డప్పు మనదైతే ఆడబిడ్డ చేతిలో ఎందుకు లేదు?

డప్పుకి గౌరవం వచ్చింది. డప్పు కొట్టే మగవాడికి కూడా కొంత గౌరవం వచ్చింది. డప్పు తోలు కడిగిన ఆడదానికి, డప్పు ముందు చిందేసిన ఆడదానికి మాత్రం ఇంకా రాలేదు. ఈ ముక్క చెప్పటానికే ఈసారి సంపాదకీయం రాస్తున్నాం. చదివి కొంతమందికి కోపం వస్తుంది. రానివ్వండి. ఊరిని నిలదీయటం మనకి అలవాటే. వాడలో కూడా ప్రశ్న పుట్టాలి. అప్పుడే ఉద్యమం బతికుంటుంది.

డప్పుని ఊరు ఏనాడూ కళ అనలేదు. ఊరికి అది చాకిరీ. చావుకి కొట్టాలి, పెళ్లికి కొట్టాలి, పోచమ్మ జాతరకి కొట్టాలి, పీర్ల పండక్కి కొట్టాలి, పటేలు చాటింపు వెయ్యమంటే కొట్టాలి. జ్వరంతో ముసుగుతన్ని పడుకున్నా లేచి పోవాలి. దొర ఇంట్లో శవం లేస్తే మన ఇంట్లో పెళ్లి ఆగాలి. దీనికి కూలి అంటూ లేదు. కళ్లం దగ్గర ఇంత మేర, పండగనాడు ఇంత అన్నం, చావింటి దగ్గర కల్లు డబ్బులు. అమ్మవారిని గుడి దాకా తీసుకుపోయింది మన డప్పు. గుడి లోపలికి పోలేనిది కూడా మనమే. చచ్చిన గొడ్డుని ఈడ్చటం, తోలు వొలవటం, చెప్పులు కుట్టటం, మోటకి తొండం కుట్టటం, వీటితోపాటే డప్పు. నిజాం తెలంగాణలో దీన్నంతా కలిపి వెట్టి అన్నారు. కోస్తాలో, రాయలసీమలో పేర్లు వేరు, బరువు ఒకటే.

ఆ డప్పు మోత మారింది. ఎవరో దయతలచి మార్చలేదు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు తర్వాత మన సభలకి మన డప్పే పిలుపయింది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టింది. ఉద్యమానికి పెట్టుకున్న పేరే డప్పు చప్పుడు. దాచుకున్న కులం పేరుని ఇంటిపేరులా తగిలించుకుని, భుజాన డప్పేసుకుని కుర్రాళ్లు హైదరాబాదు రోడ్ల మీద నడిచారు. తెలంగాణ కోసం జరిగిన పోరాటంలో డప్పు లేని ధూంధాం లేదు. చిందు యక్షగానం కళాకారుడు గడ్డం సమ్మయ్యకి 2024లో పద్మశ్రీ ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారుల పింఛను 2024 జూలై నుంచి నెలకి 4000 రూపాయలయింది. "ఏరా, డప్పు తేపో" అన్న నోరే ఇవాళ "డప్పు కళాకారులు" అని మైకులో పిలుస్తోంది. ఇది చిన్న మార్పు కాదు. తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం మాకు లేదు.

కాని డప్పు ఒక్క చేతితో తయారు కాదు. గొడ్డుతోలు గాని మేకతోలు గాని ఇంటికొచ్చాక నీళ్లు మోసిందెవరు? సున్నపు నీళ్లలో నానేసిన తోలు బొచ్చు రాల్చిందెవరు? లందలోకి తంగేడు చెక్క కొట్టి తెచ్చిందెవరు? ఆ కంపులో పిల్లని చంకనేసుకుని వంట చేసిందెవరు? లంద దగ్గర ఆడదాని చెయ్యి లేకుండా ఒక్క డప్పు మోగలేదు, ఒక్క చెప్పు నడవలేదు. కాని పనికి పేరు పెట్టేటప్పుడు మాత్రం "మాదిగాయన డప్పు", "మాదిగాయన చెప్పు" అన్నారు. ఆమె చేసినది పని కిందికి రాలేదు, ఇంటిపని కిందికి పోయింది.

ఇంకో పని చూడండి. ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డనీ ముందు పట్టుకున్నది మన మంత్రసాని చెయ్యి. బొడ్డు కోసింది ఆమె, మాయ పాతిపెట్టింది ఆమె. పురుడు పోసినన్ని రోజులూ ఆమెని లోపలికి రానిచ్చి, పురిటి స్నానం అయ్యాక గడప బయట నిలబెట్టారు. అదే చేతితో నీళ్లు ముట్టుకుంటే మైల అన్నారు. ఇది ఉత్త వాడ మాట కాదు, చట్టంలో రాసి ఉంది. 1955 పౌరహక్కుల రక్షణ చట్టానికి 1976లో చేసిన సవరణలో 7ఏ సెక్షన్ చేర్చారు. అంటరానితనం పేరుతో ఎవరిచేతైనా బలవంతంగా పాకీపని, ఊడ్చే పని చేయించినా, కళేబరం మోయించినా, తోలు వొలిపించినా, బొడ్డు కోయించినా నేరం అని అందులో ఉంది. ఈ జాబితాలో కళేబరం పక్కనే బొడ్డు ఉంది. అంటే చావు పని మగాడికి, పుట్టుక పని ఆడదానికి పంచిపెట్టి ఊరు శుభ్రంగా బతికింది. తోలు వొలిచినవాడి గోస మన పాటల్లోకి ఎక్కినంతగా బొడ్డు కోసిన మంత్రసాని గోస ఎక్కలేదు.

పింఛను కాగితం తీసి చూసినా ఇదే కనపడుతుంది. మగవాడు డప్పు కళాకారుడిగా, చర్మకారుడిగా, అంటే తన పని పేరుతో లెక్కలోకి వస్తాడు. ఆడది ఎక్కువగా వితంతువుగా, ఒంటరి మహిళగా, ముసలిదిగా లెక్కలోకి వస్తుంది. అంటే మగవాడు చేసిన పనిని బట్టి, ఆడది పోగొట్టుకున్న మనిషిని బట్టి. నలభై ఏళ్లు తోలు కడిగిన చేతికి, వంద కాన్పులు చేసిన చేతికి ఒక వృత్తి పేరు రాయటానికి ఆఫీసులో గడి లేదు.

ఇక ఆట సంగతి. డప్పు కొట్టింది మగవాడైతే, ఆ డప్పు ముందు ఆడించింది మన ఆడపిల్లల్నే. నిజామాబాదు, మహబూబ్‌నగర్ ఊళ్లలో జోగిని అన్నారు. రాయలసీమలో బసివి అన్నారు. చిత్తూరు వైపు మాతమ్మ అన్నారు. పేరేదైనా పిల్ల మనదే. ఇంట్లో జబ్బు చేసిందనో, ఆడపిల్ల తప్ప మగపిల్లాడు లేడనో, ఊరికి కరువొచ్చిందనో పసిపిల్లని ఎల్లమ్మకో పోచమ్మకో వదిలారు. జాతరలో ఆడాలి. పెద్దింటి శవం ముందు ఆడాలి. పగలు అమ్మవారు, రాత్రి దొరకి ఆటబొమ్మ. పెళ్లి లేదు. పుట్టిన బిడ్డని బడిలో వేస్తే తండ్రి పేరేమిటని అడిగారు. ఆ తండ్రి ఊళ్లోనే తెల్లబట్టలేసుకుని తిరుగుతుంటాడు, ఆయన పేరు మాత్రం ఎవరూ రాయరు.

1936 జూన్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ బొంబాయిలో దేవదాసీలతో, జోగతీలతో, పోతరాజులతో ఒక సభ పెట్టి మాట్లాడారు. ఆ బతుకు వదిలేసి రమ్మన్నారు. ఆకలైనా సరే ఆత్మగౌరవంతో బతకమన్నారు. గుర్రం జాషువా కూతురు హేమలతా లవణం 1980లలో నిజామాబాదు జిల్లా ఊళ్లలో జోగినుల మధ్య తిరిగి పనిచేశారు. 1988లో ఆంధ్రప్రదేశ్‌లో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో, దళిత స్త్రీని దేవదాసీగా అర్పించటాన్ని, అందుకు సహకరించటాన్ని అత్యాచారాల్లో చేర్చారు. అది 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. వెట్టి చేయించటం, కళేబరాలు మోయించటం, గోతులు తవ్వించటం, సాంఘిక బహిష్కారం, ఇవన్నీ ఇదే చట్టం కింద నేరాలు. కార్యకర్తలు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. డప్పు కొట్టనన్నందుకు వాడని వెలేస్తే అది ఊరి కట్టుబాటు కాదు, కేసు.

చట్టం ఒకటి చెప్తుంది, కన్ను ఇంకోటి చూస్తుంది. 2014లో బోనాలని తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర పండగ చేసింది. ప్రతి ఏడాదీ సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి గుడి దగ్గర రంగం నాడు పచ్చికుండ మీద ఒక జోగిని నిలబడి భవిష్యవాణి చెప్తుంది. టీవీలు చూపిస్తాయి, పెద్దలు చేతులు కట్టుకుని వింటారు. వానలు పడతాయా అని అడుగుతారు. నువ్వు ఎట్లా బతుకుతున్నావని అడిగిన పెద్దమనిషి ఉన్నాడా? పల్లెల్లో మిగిలిన ముసలి జోగినులకి పింఛను అందిందా, ఇల్లు వచ్చిందా, వాళ్ల పిల్లల చదువు ఏమయింది? ఆ ఒక్కరోజు భక్తితో ఆమెకి పూట గడవదు.

ఆటని నీచం చేసిందీ, ఆటని గొప్ప చేసిందీ ఎవరి ఒళ్లు ఆడుతోంది అనే లెక్కే. చరిత్ర చూడండి. కలవంతుల ఆడవాళ్లు తరతరాలు గుళ్లలో, మేజువాణీల్లో ఆడారు. వాళ్లని చూడొద్దని పంతొమ్మిదో శతాబ్దంలో సంస్కర్తలు ఉద్యమం నడిపారు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ చట్టం వచ్చింది. పిల్లల్ని గుడికి వదలటం ఆగాలి, అందులో మాకు రెండో మాట లేదు. కాని ఆ చట్టం గుళ్లలో, ఊరేగింపుల్లో వాళ్లు ఆడే ఆటని కూడా నిషేధించింది. అప్పటికే, 1935లో, రుక్మిణీదేవి అరండేల్ మద్రాసులో అదే నాట్యాన్ని వేదిక ఎక్కి ఆడారు. మరుసటి ఏడాది కళాక్షేత్రం పెట్టారు. నేర్చుకున్నది ఆ పాత ఇళ్ల గురువుల దగ్గరే. పెద్దింటి పిల్ల ఆడితే శాస్త్రీయం, పాత ఇంటి పిల్ల ఆడితే నేరం.

మగవాళ్ల సంగతీ చూడండి. స్త్రీ వేషాలకి పేరుమోసిన స్థానం నరసింహారావుకి 1956లో, కూచిపూడి సత్యభామ వేదాంతం సత్యనారాయణ శర్మకి 1970లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ల విద్యని మేము తక్కువ చెయ్యటం లేదు. మగవాడు చీర కట్టి నడుము తిప్పితే విద్య అయింది. అదే కాలంలో చిందు మాదిగ ఆడవాళ్లు ఊరూరా తిరిగి రాత్రి తెల్లవార్లూ భాగవతం ఆడారు. నిజామాబాదు జిల్లా చిందుల ఎల్లమ్మ ఎల్లమ్మ వేషం కడితే జనం చేతులెత్తి మొక్కారు. తెల్లారాక ఆ బృందం అదే జనం ఇళ్ల ముందు బియ్యం అడుక్కోవాల్సి వచ్చింది. కోస్తా జాతర్లలో రికార్డింగ్ డాన్సు ఆడే పిల్లల గతి ఇవాళ్టికీ అంతే. డబ్బులు విసిరినవాడు మర్యాదస్తుడు, ఏరుకున్న పిల్ల చెడిపోయినది. ఇక పాటతో ఎదురు తిరిగితే ప్రాణమే తీస్తారు. భువనగిరిలో మిల్లు కూలీగా బతుకుతూ పాట కట్టి పాడిన బెల్లి లలితని 1999లో ముక్కలుగా నరికి చంపారు. ఆడదాని గొంతంటే అంత భయం.

ఇప్పుడు మన వాడలోకి వద్దాం. పిల్లలు చదువుకున్నారు, ఉద్యోగాలొచ్చాయి, సిమెంటు ఇళ్లు లేచాయి. సంతోషం. దాంతోపాటు ఒక కొత్త మాట వచ్చింది: "మా ఇంటి ఆడోళ్లు పనికి పోరు." పెళ్లిలో ఆడపిల్ల చిందేస్తే "ఏందే ఆ ఎగురుడు, పరువు తీస్తున్నవ్" అని అన్నే అంటున్నాడు. గట్టిగా నవ్వితే తప్పు, గట్టిగా మాట్లాడితే తప్పు. నాట్లేస్తూ పాట అందుకున్న గొంతుని "నోరు మూస్కో" అంటున్నారు. ఈ మర్యాద ఎక్కడిది? మన తాతలది కాదు. దొర ఇంటి గోడ లోపలిది. దొర మనల్ని ఊరి బయట పెట్టాడు, తన ఆడవాళ్లని ఇంటి లోపల పెట్టాడు. మొదటిది పగలగొట్టామని సంబరపడుతూ రెండోది కొని తెచ్చుకోవద్దు.

కూలికి పోకుండా చదువుకోవటం, మంచి ఉద్యోగం చెయ్యటం ఆడబిడ్డ హక్కు. ఎండలో నాట్లు వెయ్యమని ఎవరూ అనరు. కాని పని మానెయ్యాలా వద్దా అన్నది ఆమె తేల్చుకోవాలి. ఆమె సంపాదన మానిపించి ఇంట్లో కూర్చోబెడితే పరువు మొగుడిది, పస్తు ఆమెది.

కారంచేడు ఎట్లా మొదలైందో మర్చిపోవద్దు. మంచినీళ్ల చెరువు దగ్గర గొడ్లు కడిగిన కుడితి పోస్తుంటే అడ్డు చెప్పినందుకు మన కుర్రాణ్ని కొట్టబోయారు. నీళ్లకొచ్చిన ఒక మాదిగ ఆడబిడ్డ బిందె ఎత్తి అడ్డం పడింది. ఊరు దాన్ని పొగరు అంది. మనం పోరాటం అన్నాం. చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలిన గొడవ ఎనిమిది మంది దళితుల హత్య దాకా పోయింది. అంటే మనం ఎట్లా నడవాలి, ఎట్లా కూర్చోవాలి, ఎంత గొంతుతో మాట్లాడాలి అన్నదాని మీదే ఊరి పెత్తనం నడిచింది. మన నడవడిక మీద పెత్తనం చేసినందుకే కదా తిరగబడ్డాం. ఆ పెత్తనాన్నే తీసుకెళ్లి మన ఆడపిల్లల నెత్తిన ఎట్లా పెడతాం?

1927 డిసెంబరులో మహద్‌లో అంబేడ్కర్ ఆడవాళ్లతో విడిగా మాట్లాడారు. అంటరానివాళ్లని గుర్తుపట్టించే కట్టు, గుర్తుపట్టించే నగలు వదిలెయ్యమన్నారు. ఆడపిల్లల్ని బడికి పంపమన్నారు. తాగొచ్చే మొగుడికి అన్నం పెట్టొద్దన్నారు. ఆయన చెప్పిన నడవడిక తలవంచుకునేది కాదు, తలెత్తుకునేది. 1942 జూలైలో నాగపూరు మహిళా సభలో, ఒక సమాజం ఎంత ముందుకు పోయిందో ఆ సమాజపు ఆడవాళ్లు ఎంత ముందుకు పోయారో చూసి కొలుస్తానని అన్నారు. ప్రతి ఏప్రిల్ 14న విగ్రహానికి దండేసేవాళ్లం ఈ కొలబద్దతో వాడని ఒకసారి కొలుచుకోవాలి.

ఇక్కడ రెండు మాటలు వినపడతాయి. ఒకటి: "డప్పే బానిసత్వం, పారెయ్యండి. పిల్లలకి కంప్యూటర్ నేర్పండి, చాలు." ఈ మాటలో బాధ ఉంది, నిజం ఉంది. డప్పు మోసిన భుజానికి తెలిసిన అవమానం అది. ఎవరైనా డప్పు వదిలేస్తానంటే వాణ్ని ఆపే హక్కు ఉద్యమానికి కూడా లేదు. రెండోది: "డప్పు మన సంస్కృతి, కాపాడుకోవాలి." ఇందులోనూ నిజం ఉంది. కాని సంస్కృతి అన్న మాట చెప్పి రేపు పటేలే "మీ కళ కదా, రా, కొట్టు" అంటే ఏం చేస్తారు?

మా దృష్టిలో మూడు ప్రశ్నలతో ఇది తేలిపోతుంది. కొట్టను, ఆడను అని చెప్పే హక్కు ఉందా? కొడితే, ఆడితే ముందు మాట్లాడుకున్న కూలి చేతిలో పడుతోందా? అదే పని, అదే ఆట, అదే మర్యాదతో ఆడబిడ్డ చెయ్యగలదా? మూడింటికీ అవునంటే అది కళ. ఒక్కదానికి కాదన్నా అది వెట్టే, మీద శాలువా కప్పినా సరే.

"ఆడపిల్ల డప్పు కొడితే ఊళ్లో ఏమనుకుంటారు?" అని అడిగేవాళ్లున్నారు. ఏ ఊరు? మనం చెప్పులేసుకుంటే ఏమనుకుందో, సైకిలెక్కితే ఏమనుకుందో, హోటల్లో రెండు గ్లాసులు పగలగొడితే ఏమనుకుందో, ఆ ఊరేనా? తమిళనాడు దిండిగల్లులో శక్తి కళాబృందం దళిత ఆడపిల్లలు పరై భుజానేసుకుని కొడుతున్నారు. పరై అంటే మన డప్పుకి అక్కచెల్లెలే. బీహారులో దానాపూర్ దగ్గర దిబ్రా ఊళ్లో మహాదళిత ఆడవాళ్లు బ్యాండు కట్టి పెళ్లిళ్లకి పోయి సంపాదిస్తున్నారు. మొదట్లో వాళ్లని చూసి ఊళ్లో మగవాళ్లు నవ్వారు. తర్వాత బేరాలు వచ్చాయి, ఇంట్లోకి డబ్బు వచ్చింది, నవ్వులు ఆగాయి. మన సభల్లోనూ అక్కడక్కడా ఆడపిల్లలు డప్పు పడుతున్నారు. వాళ్లని ఫోటో కోసం ముందు నిలబెట్టి, దరువు మగాడి చేతికి ఇచ్చే పద్ధతి ఆగాలి.

సంఘాలు, వాడ పెద్దలు ఈ పనులు ఎత్తుకోవాలని మేము కోరుతున్నాం.

ఒకటి. మన వాడ డప్పు బలవంతంగా ఏ చావుకీ, ఏ జాతరకీ పోదని వాడ మీటింగులో తీర్మానం చెయ్యండి. పోవాలనుకున్నవాళ్లు కూలి ముందు మాట్లాడుకుని పోవాలి. బెదిరిస్తే, వెలేస్తే అందరూ కలిసి స్టేషనుకి పోయి అత్యాచారాల చట్టం కింద రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, నకలు దగ్గర పెట్టుకోండి.

రెండు. డప్పు నేర్పే చోట ఆడపిల్లలకి కూడా చిర్ర, సిటికెన పుల్ల చేతికివ్వండి. చూసేవాళ్లుగా కూర్చోబెట్టటం చాలదు. బృందానికి వచ్చిన డబ్బులో వాటా సమానంగా పంచండి. రాత్రి కార్యక్రమమైతే పోయిరావటానికి బండి, పడుకోవటానికి చోటు సంఘమే చూడాలి.

మూడు. వాడలో తోలుపని, మంత్రసాని పని, చిందు చేసిన ముసలమ్మల పేర్లు, వాళ్ల పని వివరాలు రాయండి. 2003లో గోగు శ్యామల నల్లపొద్దు తెచ్చేదాకా దళిత స్త్రీల రాత ఒక చోట దొరకలేదు. వాడ చరిత్ర కూడా ఎవరో ఒకరు కూర్చుని రాయాల్సిందే. పింఛనుకి, కళాకారుల గుర్తింపు కార్డుకి ఆ పని పేరుతోనే వాళ్లచేత అర్జీలు పెట్టించండి.

నాలుగు. ఏ ఊళ్లోనైనా ఆడపిల్లని అమ్మవారికి వదిలే మాట వినపడితే ముందే అడ్డుపడండి. ఇప్పటికే జోగినిగా బతికిన మనిషిని ఎగతాళి చేసేవాణ్ని మన మీటింగులో కూర్చోనివ్వద్దు. ఆమె బిడ్డకి తల్లి పేరు చాలు.

ఐదు. సంఘం కమిటీల్లో ఆడవాళ్లని వంటలకి, హారతులకి కాదు, అధ్యక్షురాలిగా, కోశాధికారిగా కూర్చోబెట్టండి. మన రాష్ట్రంలో మంత్రి అయి, ముసలితనంలో దండోరాకి అండగా నిలబడిన మాదిగ ఆడబిడ్డ టి.ఎన్.సదాలక్ష్మి ఉన్న చరిత్ర మనది. సమర్థులు లేరన్న మాట ఇక చెల్లదు.

ఇవి పెద్ద పనులు కావు. వచ్చే పౌర్ణమికి ఏ వాడలోనైనా మొదలుపెట్టొచ్చు. తోలు మనది, చెమట మనది. దరువు వెయ్యటానికి మగ చెయ్యే కావాలని డప్పు ఏనాడూ అడగలేదు. ఆ మాట అంటున్నది మనుషులే. మనుషులన్న మాట కాబట్టి మనుషులే మార్చాలి.

వెట్టి డప్పు బంద్! ఆత్మగౌరవ డప్పు ఆడా మగా ఇద్దరిదీ!

జై భీమ్!